వాసన రాశారు, కొలత రాయలేదు

2019లో తొలేళ్ల రాత్రి మా తమ్ముడు విజయనగరం నుంచి గరివిడి వైపు ఆటో తోలుకుంటూ వెళ్తున్నాడు. పైడితల్లమ్మ పండగ సంగతి మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను. ఆ రెండు రోజులూ చుట్టుపక్కల ఊళ్ల ఆటోలు రాత్రనక పగలనక తిరుగుతూనే ఉంటాయి. ఏడాది మొత్తంలో నాలుగు డబ్బులు కళ్లజూసేది అప్పుడే. నెల్లిమర్ల దాటాక ఎదురుగా రాంగ్ సైడులో ఒక బైకు వచ్చి ఆటో ముందు చక్రం పక్కన గుద్దుకుంది. బైకు మీదున్న కుర్రాడికి మోకాలి కింద ఎముకలు నుజ్జయిపోయాయి. రెండు రోజుల తర్వాత విశాఖపట్నంలో ఆ కాలు తీసేశారు.

ఆటోలో ఉన్నవాళ్లందరిదీ ఒకటే మాట. అతన్ని లేపి కూర్చోబెట్టబోతే మందు కంపు గుప్పుమంది, పడకముందే బండి అటూ ఇటూ ఊగుతూ వచ్చింది అని. అయినా కేసు మా తమ్ముడి మీదే పెట్టారు. రెండు బండ్లు గుద్దుకుంటే పెద్ద బండిదే తప్పన్నది మన దగ్గర రాయని చట్టం. దెబ్బలు ఎక్కువ తగిలినవాడు బాధితుడు, తక్కువ తగిలినవాడు ముద్దాయి. నిర్లక్ష్యంతో తీవ్రంగా గాయపరిచాడని ఐపీసీ 338 కింద ఎఫ్.ఐ.ఆర్. రాశారు. ఆ కుర్రాడి తరఫున పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిము వేశారు. తీరా చూస్తే మా వాడి ఆటో ఇన్సూరెన్సు గడువు దాటి పదకొండు రోజులయింది. పండగ డబ్బులు రాగానే కడదామనుకున్నాడట. అది వాడి తప్పే. హెడ్‌లైటు మసకగా ఉండటం, ముగ్గురు మనుషులు ఎక్కువ ఎక్కడం కూడా వాడి తప్పులే. దాచిపెట్టి రాయదలుచుకోలేదు.

ట్రిబ్యునల్ మొత్తం పరిహారం 9,20,000 అని లెక్కగట్టింది. ఇద్దరిదీ చెరిసగం తప్పని చెప్పి, 4,60,000 వడ్డీతో సహా మా తమ్ముడే కట్టాలంది. తాగి ఉన్నాడన్న వాదన గురించి తీర్పులో ఒక్క వాక్యం ఉంది: మద్యం సేవించినట్టు రుజువు లేదు. నిజమే, లేదు. అతని రక్తం ఎవరూ తీయలేదు. ఊదించలేదు. ముందు దగ్గర్లోని ఆసుపత్రి, తర్వాత విజయనగరం, తెల్లారేసరికి విశాఖపట్నం. మూడు చోట్ల కేసు షీట్లలోనూ మందు ప్రస్తావన లేదు. ఆటో అమ్మేశాడు. మా నాన్న వాటాగా ఇచ్చిన అరెకరం అమ్మేశాడు. మిగిలింది వాయిదాల మీద కట్టాడు.

ఆ రోజుల్లో నాకున్న కోపం ఇంతా అంతా కాదు. తాగి బండి నడిపి దెబ్బ తగిలించుకున్నవాడికి కోర్టు గడప తొక్కే హక్కే ఉండకూడదని స్కూల్లో స్టాఫ్ రూములో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. నేను హైస్కూల్ టీచర్ని. నా కోపానికి తోడుగా చట్టాలు ఎక్కడైనా ఉన్నాయేమోనని వెతికాను. ఉన్నాయి.

అమెరికాలో కాలిఫోర్నియా ఓటర్లు 1996లో ప్రొపొజిషన్ 213 అనే చట్టాన్ని ఓటు వేసి తెచ్చుకున్నారు. తాగి బండి నడిపి ఆ నేరానికి శిక్ష పడ్డ మనిషి, అదే ప్రమాదంలో తనకు తగిలిన దెబ్బలకు దావా వేస్తే, ఆసుపత్రి ఖర్చులు, పోయిన జీతం వంటివి అడగవచ్చు. నొప్పికి, బాధకి, వైకల్యం తెచ్చిన మనోవేదనకి మాత్రం డబ్బు అడగకూడదు. ఫ్లోరిడా ఇంకా గట్టిది. రక్తంలో ఆల్కహాలు 0.08 శాతం, అంటే వంద మిల్లీలీటర్లకి 80 మిల్లీగ్రాములు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండి, ఆ మత్తు వల్ల ప్రమాదంలో సగానికి మించిన తప్పు అతనిదైతే ఏమీ రాదు. లూసియానాలో అదే 80 దాటి, తప్పులో పాతిక శాతం మించి మత్తుది అయితే చాలు, ఎదుటివాడికి బాధ్యత లేదు. మిషిగన్‌లో గీత సగం దగ్గర ఉంది.

చదువుతుంటే మొదట ఎంతో ఊరట కలిగింది. కాలిఫోర్నియా చట్టాన్ని ఇంకొంచెం కింద దాకా చదివాను. నొప్పికి డబ్బు అడగకూడదన్న ఆ జాబితాలో తాగినవాళ్ల పక్కనే ఇంకొకళ్లున్నారు, ఇన్సూరెన్సు లేని బండి యజమానులు. ఆ రాత్రి కాలు పోయింది మా తమ్ముడిదైతే, ఆ చట్టం వాణ్ణి కూడా అదే వరసలో నిలబెట్టేది. ఒక్క మినహాయింపు ఉంది. ఇన్సూరెన్సు లేనివాణ్ణి గుద్దినవాడు తాగి నడిపినట్టు శిక్ష పడితే, ఇన్సూరెన్సు లేనివాడు పూర్తిగా అడగవచ్చు. శిక్ష పడాలంటే రుజువు కావాలి. రుజువంటే మళ్లీ రక్తమే.

ఇక రెండో కథ. ఇది చెప్పకుండా మొదటిది చెప్పడం అన్యాయం.

మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే ఆమె భర్త పైడిభీమవరం వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. రాత్రి పదింటికి షిఫ్టు దిగి బైకు మీద 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా ఇంటికి వస్తున్నాడు. రోడ్డు పక్కన కూడా కాదు, సగం రోడ్డు మీదే ఒక లారీ ఆగి ఉంది. టైరు పేలింది. వెనక లైట్లు వెలగడం లేదు. మన డ్రైవర్లు కనీసం చెట్టు కొమ్మలు విరిచి నాలుగడుగుల వెనక పడేస్తారు, రాళ్లు పెడతారు. అదీ లేదు. నేరుగా వెళ్లి గుద్దుకున్నాడు. ఆసుపత్రికి చేర్చిన గంటకే పోయాడు. వయసు 34. ఇద్దరు పిల్లలు, తల్లి.

ఆ రోజు జీతం రోజు. షిఫ్టు మొదలవకముందో మధ్యలోనో ఇంకొకతనితో కలిసి ఒక క్వార్టరు పంచుకున్నాడని భార్యే నాతో చెప్పింది. ఆసుపత్రి కాగితంలో ఇంగ్లీషులో ఒక ముక్క రాసి ఉంది, మద్యం వాసన వస్తోందని. అంతే. ఎంత అన్నది లేదు.

ఆమెకి వచ్చే పరిహారం ఎంతో ఒక సాయంత్రం స్కూలు వరండాలో కూర్చుని లెక్క వేశాను. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో పెట్టిన లెక్క అది, ఎవరైనా కాగితం మీద వేయగలరు. నెలకి 12,000 జీతం. నలభై ఏళ్ల లోపు వయసు, పర్మనెంటు ఉద్యోగం కాదు, కాబట్టి భవిష్యత్తు పెరుగుదలకి 40 శాతం కలిపితే 16,800. ఆధారపడ్డవాళ్లు నలుగురు, కాబట్టి అతని సొంత ఖర్చుకి నాలుగో వంతు తీసేస్తే 12,600. ఏడాదికి 1,51,200. 34 ఏళ్ల వయసుకి 16తో గుణించాలి. మొత్తం 24,19,200. దహన ఖర్చులు, తోడు పోయినందుకు ఇచ్చేవి దీనికి అదనం.

ఆమె 7 లక్షలకి సంతకం పెట్టింది, లోక్ అదాలత్‌లో. కాగితంలో మందు వాసన అని ఉంది, కేసు నిలబడదు, వచ్చింది తీసుకోమని ఆమె లాయరే చెప్పాడు. "నానేటి సేయగలను మేడమ్, ఆ ముక్క సూపించి బయపెట్టేసినారు" అంది. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు. 1987 నాటి న్యాయసేవల చట్టం అలా చెబుతోంది. అయిపోయింది.

నిలబడదన్న మాట నిజం కాదు. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఒక బైకు కేసులో చెప్పింది: ముగ్గురెక్కి బండి మీద వెళ్లడం నేరమే, కానీ ఆ కారణంగానే ప్రమాదం జరిగిందని గానీ, దెబ్బ ఎక్కువ తగిలిందని గానీ చూపించకుండా పరిహారంలో కోత పెట్టకూడదు అని. లైసెన్సు లేకుండా నడిపిన కేసులో 2008లోనే ఇలాంటి మాట చెప్పింది. తప్పు వేరు, ఆ తప్పు ప్రమాదానికి కారణం కావడం వేరు. దీపం లేని లారీని తాగనివాడు మాత్రం ఆ చీకట్లో చూడగలిగేవాడా? ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే జవాబుకి ఆధారం కూడా లేదు, ఎంత తాగాడో తెలీదు గనక.

ఇక్కడే నాకు స్టాఫ్ రూములో నేను మాట్లాడిన మాటలు గుర్తొచ్చాయి. గడపే తొక్కకూడదన్న నా చట్టం వచ్చి ఉంటే, 24 లక్షల చోట ఈమెకి వచ్చేది సున్నా. మా తమ్ముడి కేసులో మాత్రం ఏమీ మారేది కాదు. రుజువు లేదు కదా. గట్టి చట్టం కావాలని నేను ఎవరి మీద కోపంతో అడిగానో అతన్ని వదిలేసి, అది ఈమె మీద పడేది. దీని గురించి ఆలోచిస్తూ చాలా రాత్రులు నిద్ర పట్టలేదు.

అయినా నా మాట వెనక్కి తీసుకోవడం లేదు. తాగి బండి నడిపి దెబ్బ తిన్నవాడి దావాకి పరిమితి ఉండాలనే ఇప్పటికీ అంటాను. ఎదుటివాడి నిర్లక్ష్యం నుంచి నన్ను కాపాడమని అడిగే మనిషి, తాను రోడ్డెక్కే ముందు ఎదుటివాళ్ల ప్రాణాల గురించి ఒక్క క్షణం ఆలోచించి ఉండాలి. మా ఆటోలో ఆ రాత్రి ఇద్దరు చంటిపిల్లలున్నారు. మందు తాగి తాళం చెవి తిప్పిన మనిషి, తన నొప్పికి ధర కట్టి మా వాడి అరెకరం నుంచి రాబట్టడం నాకు ఎప్పటికీ న్యాయంగా అనిపించదు. నొప్పి, బాధ, సుఖంగా బతికే అవకాశం పోయినందుకు ఇచ్చే సొమ్ము, ఈ పద్దుల కింద అతనికి ఏమీ ఇవ్వకూడదు. మందు ప్రమాదానికి కారణమైన మేరకు మిగతా వాటిలోనూ కోత పడాలి. ప్రమాదం పూర్తిగా అతని వల్లే జరిగితే ఇప్పటికే ఏమీ రాదు. సొంత దూకుడుతో నడిపి చనిపోయిన మనిషి కుటుంబం విషయంలో 2025 జూలైలో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది.

ఆసుపత్రి ఖర్చు మాత్రం వేరు. భార్యాపిల్లల తిండి వేరు. అవి తాగినవాడి హక్కులు కావు. క్వార్టరు తాగింది భర్త, వంటశాలలో నిలబడింది భార్య. తప్పులో అతని వాటా ఎంతో అంతే కోసి మిగతాది ఆమెకి ఇవ్వాలి. వాటా సగమని తేలినా ఆమెకి 12 లక్షలు వచ్చేవి, ఏడు కాదు.

ఈ నియమం మా తమ్ముణ్ణి పూర్తిగా గట్టెక్కించేది కాదు, ఆ మాట కూడా చెప్పాలి. తీర్పులో నొప్పి కింద లక్ష, జీవిత సౌఖ్యం పోయినందుకు లక్ష ఉన్నాయి. అవి తీసేస్తే మొత్తం 7,20,000. సగమంటే 3,60,000. అతను ఎంత తాగాడో తేలి, తప్పు డెబ్బై శాతం అతనిదని పడి ఉంటే 2,16,000. రాంగ్ సైడులో వచ్చినవాడి కేసులో ఇది కూడా ఎక్కువే అంటాడు మా వాడు. మసక లైటుతో ఆటో తీసినవాడికి ఇది న్యాయమే అంటాను నేను. అరెకరం మాత్రం నిలిచేది.

ఇదంతా ఒక అంకె మీద ఆధారపడి ఉంది. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్లో ఆ గీత వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. అమెరికా రాష్ట్రాల 80తో పోలిస్తే చాలా కింద ఉంది, అలాగే ఉండాలి కూడా. అరవై కేజీల మనిషి ఒక క్వార్టరు గబగబా తాగితే ఆ గీతకి నాలుగు రెట్లు పైకి పోతాడు. సగం తాగితే రెండు రెట్ల చుట్టుపక్కల. ఒంట్లో అది గంటకి సుమారు 15 చొప్పున తగ్గుతుంది. అంటే వంటామె భర్త నిజంగా సగం క్వార్టరే తాగి, తాగిన మూడు నాలుగు గంటలకి బండెక్కి ఉంటే గీత కింద కూడా ఉండవచ్చు. మొత్తం తానే తాగి అప్పుడే బయల్దేరి ఉంటే వందకి పైన ఉండవచ్చు. ఈ రెండింటికీ వాసన ఒకటే. షుగరు బాగా పెరిగి కీటోన్లు చేరిన రోగి ఊపిరి కూడా కొందరికి మందు వాసనలాగే అనిపిస్తుంది. అలాంటిది, మూడు ఇంగ్లీషు ముక్కలతో ఒక కుటుంబం 17 లక్షలు పోగొట్టుకుంది.

కోర్టులు వాసనని కొట్టిపారేయడం లేదని కూడా గుర్తుపెట్టుకోవాలి. 2007 డిసెంబరులో ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర ఒక పోర్షే కారు ఫుట్‌పాత్‌కి కొట్టుకుని కాలిపోయింది. కారు నష్టం ఇవ్వమని కంపెనీ అడిగితే, డ్రైవరు తాగి ఉన్నాడని ఇన్సూరెన్సు వాళ్లు కాదన్నారు. 2021 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఇన్సూరెన్సు వాళ్ల వైపే తీర్పిచ్చింది. ఊదించిన పరీక్ష గానీ రక్త పరీక్ష గానీ లేకపోయినా మిగతా పరిస్థితుల్ని బట్టి తేల్చవచ్చంది. పోర్షే కారు యజమాని కాగితాలన్నీ పట్టుకుని ఢిల్లీలో చివరి మెట్టు దాకా కొట్లాడగలిగాడు. మా వంటామె మొదటి మెట్టు మీదే ఆగిపోయింది.

కాబట్టి దావాలకి పరిమితి పెట్టే ముందు కొలత పెట్టాలి. ఇప్పుడున్న 203వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగితే, అనుమానం వస్తే, పోలీసు ఊదించవచ్చు. ఆసుపత్రిలో ఉన్నా, డాక్టరు అభ్యంతరం చెప్పకపోతే, అక్కడే చేయవచ్చు. 204వ సెక్షన్ రక్తం సంగతి చెబుతుంది. అన్నీ 'చేయవచ్చు'లే. ఎవరూ చేయాల్సిన పని లేదు. నేను కోరేది ఆ ఒక్క మాట మార్చమని. మనిషి చనిపోయినా, పెద్ద దెబ్బ తగిలినా, ఆ ప్రమాదంలో ఉన్న ప్రతి బండి డ్రైవరు రక్తం తీయాలి. దెబ్బ తిన్నవాడిదే కాదు, పారిపోకుండా దొరికిన లారీ డ్రైవరుది కూడా, మా తమ్ముడిది కూడా. వైద్యం ముందు, రక్తం తర్వాత, కానీ ఒంట్లోకి వేరే రక్తం ఎక్కించే ముందు ఒక ట్యూబు. తీసిన టైము రాయాలి.

ఇదేదో పెద్ద ఖర్చు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ల్యాబులో పనిచేసే నా పాత స్టూడెంట్‌ని అడిగాను. షుగరు పరీక్షకి వాడే బూడిద రంగు మూత ట్యూబు ఉంటుంది కదా మేడమ్, ఫ్లోరైడ్ ఉండేది, దాంట్లోనే తీస్తారు, పాడవదు అంది. చేతికి స్పిరిట్ దూది రాయకుండా తీయాలట, లేకపోతే ఆ స్పిరిటే పరీక్షలో కలిసిపోయే ప్రమాదం ఉంది. ఆ ట్యూబు షుగరు పరీక్ష చేసే ప్రతి చోటా ఉంటుంది. ఫోరెన్సిక్ ల్యాబు విశాఖపట్నంలో ఉంది. పోస్టుమార్టం చేసిన శరీర భాగాల్ని సీలు వేసి ల్యాబుకి పంపే పద్ధతి మన పోలీసులకి కొత్తేమీ కాదు. బతికి ఉన్నవాడి రక్తానికి ఆ మాత్రం శ్రద్ధ ఎందుకు ఉండకూడదు?

బలవంతంగా రక్తం తీయడం మనిషి స్వేచ్ఛకి భంగం కాదా అని మా సోషల్ సార్ అడిగారు. మంచి ప్రశ్నే. కానీ పరీక్ష లేకపోవడం వల్ల ఎవరి స్వేచ్ఛా మిగలడం లేదు. తాగని మనిషి మీద కూడా వాసన అని రాసేస్తే దాన్ని చెరిపే సాధనం అతనికి ఇంకేముంది? ఆ ట్యూబు అతన్నే ముందు కాపాడుతుంది.

ఇంకొకరు అన్నారు, ప్రభుత్వమే 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకి క్వార్టరు అమ్మిస్తూ, తాగినవాడి పరిహారం కోయమనడం ఏమిటని. హైవేలకి 500 మీటర్ల లోపు మందు షాపులు ఉండకూడదని సుప్రీంకోర్టు 2016లో చెప్పి, చిన్న ఊళ్లకి దాన్ని తర్వాత 220 మీటర్లు చేసిన సంగతి కూడా ఎత్తారు. ఆ కోపం నాకూ ఉంది. అది వేరే వ్యాసం. అమ్మినవాడి తప్పు ఎంతున్నా, తాళం చెవి తిప్పిన చెయ్యి మాత్రం తాగినవాడిదే.

మొన్న సంక్రాంతికి మా తమ్ముడు ఆఖరి వాయిదా కట్టేశాడు. ఇప్పుడు అద్దె ఆటో తోలుతున్నాడు. ఇన్సూరెన్సు కాగితం లామినేషను చేయించి ముందు అద్దం దగ్గర పెట్టుకున్నాడు. ఆ కుర్రాడు గరివిడిలో ఒక చిన్న పాన్ డబ్బా పెట్టుకున్నాడు. జైపూర్ కాలు వేసుకుని నడుస్తాడు. మా వాడు అటు వెళ్లినప్పుడు అక్కడే ఆగి టీ తాగుతాడట. మొదట్లో మాట్లాడుకునేవారు కాదు, ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు. ఒకరోజు మా వాడు అడిగేశాడు, ఆ రాత్రి నిజంగా ఎంత తాగావురా అని.

ఆ కుర్రాడు చాలాసేపు సోడా కాయలు సర్దుతూ ఉండిపోయాడట. తర్వాత అన్నాడట: "నాకే తెల్దన్నా. నాకు ఎవులూ సెప్పనేదు."